జలుబు మందులకి లెక్క: చిన్న మెడికల్ షాపులో ఎలా పెట్టుకోవాలి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఎండల్లో, రెండేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం, ర్యాకు తుడుస్తుంటే పొడిదగ్గు సిరప్ వరస బోసిగా కనిపించింది. వారం కిందటే డజను సీసాలు సర్దాను. రెండు మిగిలాయి. బిల్లులు తీస్తే తొమ్మిది అమ్మినట్టు ఉంది, ఒకటి లెక్కకే రాలేదు. తొమ్మిదీ ఒకటొకటిగా, సాయంత్రం ఏడు దాటాకే వెళ్లాయి. ఊళ్లో చూస్తే దగ్గేవాడు ఒక్కడు లేడు. కౌంటర్ దగ్గర ఉండే కుర్రాణ్ణి అడిగితే "ఎవరో కాలేజీ వాళ్లండి, రోజుకొకరు వచ్చారు, అడిగితే ఇచ్చాను" అన్నాడు. వాడిని ఏమనను? అడిగితే ఇవ్వడమే నేను వాడికి నేర్పాను.

ఆ రోజు నుంచి నా షాపులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. కోనసీమలో, వశిష్ఠ గోదావరికి అవతల పాలకొల్లు, భీమవరం వైపు నాలాంటి చిన్న షాపు నడిపేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. ఇందులో చట్టం అడిగేది కొంత ఉంది, నా సొంత అలవాటు కొంత ఉంది. ఏది ఏదో చెబుతూ వెళ్తాను.

మొదటి పని: ర్యాకు దించి, అట్ట వెనక చదవండి

షట్టర్ సగం దించుకుని జలుబు, దగ్గు మందులన్నీ బల్ల మీద పరవండి. ముందువైపు పేరు చూడొద్దు. అట్ట తిప్పి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. అలా చదువుతూ నాలుగు కుప్పలు పెట్టండి.

మొదటి కుప్పలోకి ఉత్త పారాసెటమాల్, ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు, బామ్, ముక్కు దగ్గర పీల్చే ఇన్‌హేలర్, చప్పరించే బిళ్లలు వస్తాయి. వీటితో పెద్ద పేచీ లేదు.

రెండో కుప్ప మనం "జలుబు బిళ్ల" అని ఇచ్చే మిశ్రమాలు. పారాసెటమాల్, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపి ఉంటాయి, కొన్నిట్లో కెఫీన్ కూడా. క్లోర్‌ఫెనిరమిన్ తుమ్ములకి, ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకి. పేర్లు ఇరవై ఉంటాయి గాని వెనక రాత దాదాపు ఒకటే. ఒకేలాంటి బిళ్లని రెండు పేర్లతో ఒకే మనిషికి ఇచ్చిన రోజులు నాకూ ఉన్నాయి.

మూడో కుప్పలో డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న పొడిదగ్గు సిరప్‌లు, సూడోఎఫిడ్రిన్ ఉన్న బిళ్లలు పెట్టండి. నాలుగోది కోడీన్, నల్లమందు జాతి దగ్గు మందు. క్లోర్‌ఫెనిరమిన్, కోడీన్ కలిపిన సిరప్‌ని 2023 జూన్‌లో కేంద్రం నిషేధించింది. మూల అరలో పాత సీసా ఏదైనా దొరికితే అది అమ్మే సరుకు కాదు, స్టాకిస్ట్‌కి తిరిగి వెళ్లాల్సిందే.

రెండో కుప్ప కౌంటర్ వెనక, చెయ్యి చాస్తే అందని అరలో. మూడోది ఫార్మసిస్ట్ కూర్చునే చోటు పక్కన. నాలుగోది తాళం కింద. గాజు పలక మీద తాయిలాల్లా పేర్చి పెట్టే డబ్బాలు ఉంటాయే, వాటిలో మొదటి కుప్ప తప్ప ఇంకేదీ పెట్టకండి.

ఇక్కడ ఒక మాట. "ఇవన్నీ ఓటీసీ మందులే కదండీ" అని మనవాళ్లు అంటూ ఉంటారు, అంటే డాక్టర్ చీటీ లేకుండా కొనుక్కోదగ్గవని. మన మందుల చట్టం 1940 నాటిది, నిబంధనలు 1945 నాటివి. వాటిలో ఓటీసీ అని విడిగా ఒక జాబితా లేదు. చీటీ ఉంటేనే అమ్మాల్సినవి షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ జాబితాల్లో ఉన్నాయి. మిగిలినవి వాడుకలో ఊరికే అమ్ముతున్నాం, అంతే. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ షెడ్యూల్ హెచ్‌లో ఉంది. అంటే ఆ వేసవిలో నా షాపు నుంచి వెళ్లిన తొమ్మిది సీసాలూ నిబంధన ప్రకారం చీటీ మీద వెళ్లాల్సినవే. అనుమానం వస్తే అట్ట మీద ఆర్‌ఎక్స్ (Rx) గుర్తు ఉందేమో చూడండి. హెచ్1 అయితే ఎర్ర అంచు గడిలో హెచ్చరిక ఉంటుంది.

ఎందుకింత జాగ్రత్త

కుర్రాడికి చెప్పేటప్పుడు కారణం చెప్పి చెప్పండి, లేకపోతే మీరు భోజనానికి వెళ్లగానే పాత కథే. నేను ఇలా చెప్పాను. చాలా పొడిదగ్గు సిరప్‌లలో 5 మిల్లీలీటర్లకి 10 మిల్లీగ్రాముల డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉంటుంది. 100 మిల్లీలీటర్ల సీసాలో 200 మిల్లీగ్రాములు. పెద్ద మనిషికి రోజుకి పై హద్దు 120. అంటే సీసా ఎత్తి తాగినవాడు ఒకటిన్నర రోజు మందుకి మించి ఒక్క గుక్కలో మింగినట్టు. తల తిరుగుడు, గుండె దడ, లేనివి కనిపించడం, ఒంటి మీద తెలివి తప్పడం. చాలా సిరప్‌లలో దాంతో పాటు ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా అలాగే మోతాదు మించి లోపలికి పోతుంది, దాని మత్తు వేరే.

సూడోఎఫిడ్రిన్ సంగతి ఇంకో రకం. అది ముక్కు దిబ్బడకి మంచి మందే. కాని మెథాంఫెటమిన్ అనే మత్తు సరుకు తయారీకి దాన్ని ముడిసరుకుగా వాడతారు. అమెరికాలో ఈ బెడద ముదిరి 2006లో ఒక చట్టం అమల్లోకి తెచ్చారు. ఆ బిళ్లలు కౌంటర్ వెనకే ఉండాలి, కొనేవాళ్లు ఫొటో గుర్తింపు కార్డు చూపించాలి, పుస్తకంలో పేరు, చిరునామా, తేదీ, సమయం, సంతకం ఉండాలి, ఆ పుస్తకం రెండేళ్లు దాచాలి. రోజుకి 3.6 గ్రాములకి మించి అమ్మకూడదు. ఆ 3.6 గ్రాములు ఉత్త సూడోఎఫిడ్రిన్ బరువు, బిళ్ల మీద రాసే 30 మిల్లీగ్రాములు దాని హైడ్రోక్లోరైడ్ ఉప్పు బరువు, కాబట్టి లెక్క కడితే 30 మిల్లీగ్రాముల బిళ్లలు 146 అవుతాయి. మన కంటికి అది హద్దులా కనిపించదు, హోల్‌సేల్‌లా కనిపిస్తుంది. కాని అక్కడి అసలు బలం ఆ అంకె కాదు, పుస్తకం. ఒక షాపులో కొద్దిగా, పక్క షాపులో కొద్దిగా కొని కూడబెట్టేవాళ్లు దొరికేది ఆ పుస్తకాలు కలిపి చూసినప్పుడే. అందుకే తర్వాత చాలా రాష్ట్రాలు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒకదానికొకటి కలిపాయి.

ఈ కట్టడి వచ్చాక అక్కడి కంపెనీలు చాలావరకు సూడోఎఫిడ్రిన్ తీసేసి ఫినైలెఫ్రిన్ పెట్టాయి. మన అట్టల మీద కూడా ఎక్కువగా కనిపించేది అదే. నోటితో మింగే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడకి పని చేయదని 2023 సెప్టెంబరులో అక్కడి మందుల సంస్థ నిపుణుల కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. ఇన్నేళ్లుగా మనం నమ్మకంగా అందిస్తున్నది దాన్నే మరి! అదో పక్కన పెట్టండి.

హద్దు ఎంత పెట్టాలి, ఎలా చెప్పాలి

రెండో కుప్పకి నా షాపు హద్దు: మనిషికి ఒక అట్ట. ఇది చట్టం కాదు, నా నియమం. పది బిళ్లలు మూడు రోజులకి సరిపోతాయి. మూడు రోజుల్లో తగ్గని జలుబు డాక్టర్ చూడాల్సిన జలుబు. ఇంట్లో నలుగురికి వచ్చిందంటే వయసులు అడిగి, ఎవరికి ఏది కావాలో విడివిడిగా ఇస్తాను. "నలుగురికీ నాలుగట్టలు" అని మాత్రం కట్టి ఇవ్వను.

మూడో కుప్పకి హద్దు లేదు, చీటీయే హద్దు. అందులో రాసినన్నే. ఇచ్చాక చీటీ మీద షాపు స్టాంపు, తేదీ వేయండి. నిబంధన కూడా ఇదే అడుగుతుంది. స్టాంపు లేని చీటీ ఒక్కటి చేతిలో ఉంటే రాజోలులో ఒక సీసా, తాటిపాకలో ఒకటి, మలికిపురంలో ఒకటి కొనుక్కుంటూ పోవచ్చు. స్టాంపు పడితే రెండో షాపువాడికి సంగతి తెలుస్తుంది.

చెప్పే తీరు ముఖ్యం. మాట కటువైతే గొడవ, మెత్తనైతే బేరం. మా షాపులో మొన్న జరిగింది ఇది:

"అన్నయ్యా, ఆ పొడిదగ్గు మందు రెండియ్యి."

"ఎవరికి తమ్ముడూ?"

"ఇంట్లో నాన్నకి."

"దగ్గు ఎన్నాళ్ల నుంచి? బీపీ మాత్రలేమైనా వాడుతున్నారా?"

"అవన్నీ తెలీదు. ఆ పేరు మందే కావాలన్నారు."

"అది డాక్టర్ చీటీ మీదే ఇవ్వాలి తమ్ముడూ. ఈ పూటకి చప్పరించే బిళ్లలు పట్టుకెళ్లు, వేడినీళ్లు ఇమ్మను. రేపు నాన్నగార్ని ఒకసారి తీసుకురా, నేనే మాట్లాడి డాక్టర్ గారి దగ్గరికి పంపుతాను."

ఆ కుర్రాడు బిళ్లలు పట్టుకెళ్లాడు. మర్నాడు వాళ్ల నాన్న నిజంగానే దగ్గుకుంటూ వచ్చాడు. అనుమానపడినందుకు నాకే సిగ్గేసింది. కాని నేను ఆ అబ్బాయిని దొంగ అనలేదు, రెండు ప్రశ్నలడిగానంతే. ప్రశ్న అందరికీ ఒకటే అయితే ఎవరికీ తప్పుగా తోచదు. బట్టలు చూసి, జుట్టు చూసి కొందరినే అడిగితే అది వేరే జబ్బు.

పుస్తకం

ఇదీ అసలు పని. హెచ్1 మందులకి రిజిస్టర్ చట్టం ప్రకారం తప్పనిసరి. 2014 మార్చి 1 నుంచి ఉంది. రాసిన డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చాం, ఇవి రాయాలి. మూడేళ్లు దాచాలి. ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించాలి. కోడీన్, ట్రమడాల్, ఆల్‌ప్రజోలమ్ లాంటివి ఈ జాబితాలోవే.

రెండు, మూడు కుప్పలకి నేను వేరే పుస్తకం పెట్టాను. 200 పేజీల పొడుగు నోట్‌బుక్, కౌంటర్‌కి దారంతో కట్టిన పెన్ను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉండగా ఇదెందుకని అడుగుతారు. తుఫాను వస్తే మన వైపు కరెంటు రెండు రోజులు రాకపోవడం వింత కాదు. ఇంకో కారణం, బిల్లు మీద "క్యాష్" అని కొట్టేస్తాం, అందులో మనిషి ఉండడు.

గడులు ఎక్కువ పెట్టకండి, పెడితే నాలుగో రోజుకి మానేస్తారు. నావి ఇవి: తేదీ, సమయం, మందు, బ్యాచ్ నంబర్, ఎన్ని, ఎవరికి (వయసుతో), ఊరు, చీటీ ఉందా, ఇచ్చినవారి పొడి అక్షరం. ఒక వరస ఇలా ఉంటుంది:

"12వ తేదీ, సా. 7.20, జలుబు అట్ట, బ్యాచ్ చివరి నాలుగు అంకెలు, 1, భార్యకి 34, శివకోడు, లేదు, ర."

అంతే. రాయడానికి అర నిమిషం. సమయం గడి వదలొద్దు, ఆ తొమ్మిది సీసాల గుట్టు నాకు చెప్పింది బిల్లు మీద ఉన్న సమయమే.

ఆధార్ జిరాక్స్ అడగకండి. అమెరికా చట్టం గుర్తింపు కార్డు అడిగింది, మన జలుబు బిళ్లకి ఏ చట్టమూ అడగలేదు. లేని అధికారం చూపిస్తే జనం పక్క షాపుకి పోతారు, మీ పుస్తకం ఖాళీగా ఉంటుంది. ఊరి పేరు చాలు. మన పల్లెల్లో ఊరి పేరు, వయసు చెబితే సగం మనిషి తెలిసినట్టే. పుస్తకం మాత్రం కౌంటర్ మీద తెరిచి పెట్టొద్దు. పక్కింటావిడ వంగి చదివి "ఫలానావాళ్లకి ఏం జబ్బటా" అని మొదలెడుతుంది.

ఆదివారం లెక్క

వారానికి ఒకసారి, గంట చాలు. మొదట్లో ఉన్నవి, వారంలో వచ్చినవి కలపండి. పుస్తకంలో అమ్మినవి తీసేయండి. మిగలాల్సింది వస్తుంది. ఇప్పుడు చేత్తో ముట్టుకుంటూ ర్యాకులో లెక్కపెట్టండి. కంప్యూటర్ చూపించే స్టాకు చూసి సరిపెట్టుకోకండి, అది బిల్లు కొట్టినంతే చెబుతుంది, చేతివాటం చెప్పదు. తేడా ఒకటి వస్తే పొరపాటు. రెండు వారాలు వరసగా అదే మందులో తేడా వస్తే మన లోపలి మనిషి సంగతి చూసుకోవాలి.

తర్వాత అమ్మకాన్ని ఊరితో పోల్చండి. ఏ సాఫ్ట్‌వేరూ చేయలేని పని ఇది, మీరు చేయగలరు. జలుబు మన డెల్టాకి ఎప్పుడెప్పుడు వస్తుందో షాపులో పదేళ్లు కూర్చున్నవాడికి క్యాలెండర్ అక్కర్లేదు. తొలకరి తడికి ఒక విడత. శ్రావణంలో గోదావరి పెరిగి లంక ఊళ్లు నీళ్లలో నానినప్పుడు ఒక విడత. కార్తీకంలో చీకటితో గోదారి స్నానాలు చేసి వచ్చిన ఆడవాళ్లు, వాళ్ల వెనక తుమ్ముతూ మనవలు. సార్వా మాసూళ్ల దుమ్ముకి పొడిదగ్గులు. పుష్యమాసం మంచుకి అందరికీ. దాళ్వా కోతలప్పుడు మళ్లీ కొంచెం. ఈ విడతల్లో అమ్మకం రెట్టింపైనా కంగారక్కర్లేదు.

అదే అమ్మకం ఎండాకాలంలో లేచిందనుకోండి, లేదా అన్ని మందులూ మామూలుగా ఉండి ఒక్క సిరప్ మాత్రమే లేచిందనుకోండి, అప్పుడు ఆగాలి. నిజంగా దగ్గు తిరుగుతుంటే ఆ సిరప్‌తో పాటు పారాసెటమాల్, చప్పరించే బిళ్లలు, బామ్ కూడా కదులుతాయి. దగ్గు మందొక్కటే కదిలి బామ్ డబ్బా కదలకపోతే కొంటున్నవాడికి దగ్గు లేదు. నేను వారానికి నాలుగే అంకెలు చివరి పేజీలో రాసుకుంటాను: పొడిదగ్గు సిరప్, జలుబు అట్ట, ఉత్త పారాసెటమాల్, బామ్. పక్కన "వాన", "మంచు", "ఎండ" అని ఒక మాట. ఏడాది అయ్యేసరికి ఆ పేజీ చూస్తే ఊరి ముక్కు సంగతి తెలిసిపోతుంది.

రొయ్యల చెరువుల ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. రాత్రి కాపలా వాళ్లు చలిలో కూర్చుంటారు, వాళ్లకి జలుబు నిజంగానే ఎక్కువ. రొయ్యల పట్టుబడి రోజుల్లో ఐసులో చేతులు పెట్టి తెల్లవార్లూ పని చేసేవాళ్లు కలిసి ఒకేసారి అడుగుతారు. అది మందు కోసం వచ్చిన గుంపే. వాళ్లకి నేను చెప్పేది ఒకటే: ఈ బిళ్ల నిద్ర తెప్పిస్తుంది, వేసుకుని గట్టు మీద నడవద్దు, మోటారు దగ్గరికి వెళ్లొద్దు. 216 హైవే మీద లోడు వేసుకుని పోయే డ్రైవర్లకైతే ఆ బిళ్ల అసలు ఇవ్వను. ఆవిరి, ఉప్పునీటి చుక్కలు, ఉత్త పారాసెటమాల్, అంతవరకే.

మామ్మగారి సంగతి

దుర్వినియోగం అనగానే అందరికీ కాలేజీ కుర్రాళ్లే గుర్తొస్తారు. పుస్తకం మొదలెట్టిన మూడో నెలలో నాకు దొరికింది డెబ్బై దాటిన మామ్మగారు.

వారానికి ఒక అట్ట, ప్రతి మంగళవారం పొద్దున్నే. పుస్తకంలో వరసగా పదకొండు సార్లు. అప్పటిదాకా ఆవిడ ఎన్నిసార్లు వచ్చిందో నా బుర్రకి తట్టనే లేదు. అడిగాను. "మామ్మగారూ, ఇంకా తగ్గలేదాండీ జలుబు?"

"జలుబేంట్రా అబ్బాయ్, అది వేసుకుంటే గాని నిద్రపట్టదు నాకు."

మూడేళ్లుగా వేసుకుంటోందట. క్లోర్‌ఫెనిరమిన్ మత్తు కోసం, దానితో పాటు అక్కర్లేని పారాసెటమాల్, బీపీ పెంచే ఫినైలెఫ్రిన్ కూడా రోజూ మింగుతోంది. పైగా మోకాళ్ల నొప్పులకి 650 పారాసెటమాల్ వేరే. రోజుకి 4 గ్రాములు పారాసెటమాల్ పై హద్దు. 500 పారాసెటమాల్ ఉన్న జలుబు బిళ్లలు మూడు, 650లు నాలుగు వేసుకున్న రోజున 4,100 మిల్లీగ్రాములు అవుతుంది, ఎక్కడా ఎక్కువ వేసుకున్నట్టే అనిపించదు. ముసలివాళ్లలో క్లోర్‌ఫెనిరమిన్ తూలి పడేలా చేస్తుంది, మగవాళ్లలో ప్రోస్టేట్ వాపు ఉంటే మూత్రం బిగబట్టేస్తుంది. గ్లాకోమా (కంటి లోపల ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లకి కూడా మంచిది కాదు.

ఆవిడకి నేను "ఇవ్వను" అనలేదు. వాళ్లబ్బాయికి చెప్పనా అని అడిగి, సరే అన్నాకే చెప్పాను. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఇప్పుడు మంగళవారం వచ్చి బీపీ మాత్రలు పట్టుకెళ్తుంది, నన్ను కాసేపు తిట్టి వెళ్తుంది.

ముక్కు చుక్కల వాళ్లు కూడా ఇలాంటివాళ్లే. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు మూడు నుంచి ఐదు రోజులకి మించి వేస్తే ముక్కు తిరగబడి, అవి వేస్తేనే తెరుచుకునే స్థితికి వస్తుంది. నెలకి రెండు సీసాలు కొనేవాళ్లు ప్రతి షాపుకీ ఇద్దరు ముగ్గురు ఉంటారు. చెవి ముక్కు గొంతు డాక్టర్ దగ్గరికి పంపండి.

పిల్లల సీసాలు, బ్యాచ్ నంబర్

2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగిన పసిపిల్లలు కిడ్నీలు చెడి చనిపోయారు. ఆ సిరప్‌లో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం దొరికింది. అప్పుడే కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ల లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకి మామూలుగా అవసరం లేదని మరోసారి చెప్పింది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్ల లోపు వాడకూడదన్న హెచ్చరిక 2023 డిసెంబరు నుంచే ఉంది. తల్లి చంకలో బిడ్డతో వచ్చి "పాత సీసా ఇదే, ఇంకోటి ఇవ్వండి" అన్నా వయసు అడగకుండా ఇవ్వొద్దు.

ఆ వారం నా పుస్తకం వేరే పనికొచ్చింది. ఏదైనా బ్యాచ్ వెనక్కి రమ్మంటే, ఏ సీసా ఏ ఊరు వెళ్లిందో పది నిమిషాల్లో చెప్పగలను. మా దగ్గర ఆ మందు లేదు. కాని పుస్తకంలో ఉన్న మిగతా పిల్లల సిరప్‌లన్నీ చూసి, రెండేళ్ల లోపు వయసు రాసిన మూడు ఇళ్లకి కబురు పెట్టాను. ఒక ఇంట్లో సీసా ఇంకా ఫ్రిజ్ తలుపులో ఉంది.

అందుకే బ్యాచ్ గడి చివరి నాలుగు అంకెలైనా రాయండి.

కొనే వైపు కూడా చూసుకోండి

లైసెన్సు ఉన్న హోల్‌సేలర్ దగ్గర, బ్యాచ్ నంబరున్న బిల్లుతోనే కొనండి. "బిల్లు లేకుండా అయితే రెండు రూపాయలు తక్కువ" అన్న మాట వినగానే ఫోన్ పెట్టేయండి. యానాం నుంచి ఎవరో సంచిలో తెచ్చి ఇస్తామన్నా అంతే. అది పుదుచ్చేరి కిందకి వస్తుంది, ఇన్‌స్పెక్టర్ వేరు, చట్టం మాత్రం రెండు చోట్లా ఒకటే.

కిరాణా కొట్టుకి, పాన్ షాపుకి డబ్బాలకి డబ్బాలు అమ్మకండి. వెయ్యి లోపు జనాభా ఉన్న పల్లెల్లో కొన్ని ఇంటి మందులు లైసెన్సు లేకుండా అమ్ముకోవచ్చని ఒక మినహాయింపు ఉంది, షెడ్యూల్ కె అంటారు. దాన్ని చూపించి అడుగుతారు. మన డెల్టాలో చాలా పంచాయతీల్లో వేలల్లో జనం ఉంటారు, ఆ మాట అక్కడ చెల్లదు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు నెలకి ఇరవై సిరప్‌లు అడిగినా మొహమాటపడొద్దు. ఆయన నాకు రోజూ మనుషుల్ని పంపేవాడే, అయినా ఇవ్వలేదు. వారం రోజులు మాట్లాడలేదు, తర్వాత ఆయనే టీ తాగుదాం రమ్మన్నాడు.

పక్క షాపులతో

నేను ఇవ్వనంటే పక్క షాపులో దొరుకుతుంది. అది తప్పని సంగతి. మా సెంటర్‌లో ఐదు షాపులకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో మనుషుల ఫొటోలు, పేర్లు, బండి నంబర్లు పెట్టకూడదని మొదటి రోజే అనుకున్నాం. "ఈ వారం ఫలానా రకం సిరప్ గట్టిగా అడుగుతున్నారు, చీటీ లేదు, రాత్రి పూట" అని మందు గురించే రాస్తాం. ఐదుగురూ ఒకే మాట చెబితే అడిగేవాళ్లు ఆ వారంలోనే మానేస్తారు, ఎవర్నీ అవమానించక్కర్లేదు.

పెద్ద మొత్తంలో కొనే ముఠా అనిపిస్తే మీరు డిటెక్టివ్ పని చెయ్యొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో మత్తు సరుకుల పని పట్టే ఈగల్ పోలీసు టీమ్ నంబర్ 1972, దేశం మొత్తానికి అదే పనికి పెట్టిన మానస్ హెల్ప్‌లైన్ నంబర్ 1933. అలవాటు పడ్డ కుర్రాడు నోరు విప్పి చెప్పుకున్నాడంటే అది పోలీసు సంగతి కాదు, వైద్యం సంగతి. 14446 మత్తు అలవాటు మాన్పించే ఉచిత హెల్ప్‌లైన్. ఆ నంబర్ చిన్న కాగితం మీద రాసి, బిల్లుతో పాటు మడిచి ఇవ్వండి. గోడ మీద అంటిస్తే ఎవరూ ఫొటో తీసుకోరు, చూసేవాళ్లు ఉంటారని.

చివరగా ఎక్స్‌పైరీ డబ్బా

నా తొమ్మిది సీసాల లెక్కలో తేలని ఆ ఒక్కటి ఏమైందో ఆర్నెల్ల తర్వాత తెలిసింది. ఎక్స్‌పైరీ అయిన మందులు వేసే అట్టపెట్టె ఉంటుంది కదా, కౌంటర్ కింద, ఎవరూ లెక్కపెట్టరు. మంచి సీసాని ఎక్స్‌పైరీ అని అందులో వేసి, రాత్రి షాపు కట్టేటప్పుడు తీసుకుపోవడం చాలా సులువు. మా దగ్గర ఈలోగా పని మానేసిన ఒకతను అదే చేసేవాడట.

కాబట్టి ఆదివారం లెక్కలో ఆ పెట్టె కూడా పెట్టండి. అందులోకి వెళ్లే ప్రతి సీసా పుస్తకంలో ఎర్ర పెన్నుతో ఒక వరస. నెలాఖరున స్టాకిస్ట్‌కి తిరిగి ఇచ్చేటప్పుడు ఆ వరసలూ, పెట్టెలో సీసాలూ సరిపోవాలి. వాపసు తీసుకోనివి సంచిలో కట్టి కాలవలో వేయకండి. అదే కాలవ నీళ్లు మంచినీళ్ల చెరువులకీ పెడతారు. లేబుల్ చించి, సిరప్ పారబోసి సీసా పాత సామాన్లవాడికి వేసే అలవాటు కూడా వద్దు, ఆ ఖాళీ సీసాలు మళ్లీ నిండి ఎక్కడో తేలతాయి. వాపసు వెళ్లేదాకా తాళం కిందే ఉంచండి, నాలుగో కుప్ప పక్కనే.